నిమ్మ ఉప్పు, జర్మనీ వైను, గుంటూరు కారం

కిందటి సంచికలో ఈ శీర్షికలో జర్మనీ తెల్ల వైన్లకి పేరుపడ్డ రీస్లింగ్ ద్రాక్ష గురించి నాలుగు ముక్కలు రాశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం జర్మనీ తీపి వైన్లవే. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాం. మన రాష్ట్రంలో మద్యం కొనడానికైనా తాగడానికైనా 21 ఏళ్లు నిండాలి. కింద రాసిందంతా ఆ వయసు దాటినవారికే.

ప్రశ్న: హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. మా పుస్తకంలో జర్మనీ అంటే తీపి వైట్ వైన్ అని ఉంది. ట్రైనింగ్‌కి వెళ్లిన హోటల్లోనేమో "స్వీట్ వద్దు, డ్రై ఇవ్వండి" అనేవాళ్లే కనిపించారు. తీపి వైన్‌కి కాలం చెల్లినట్టేనా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: మీ పుస్తకం పాతది. హోటల్లో మీరు విన్నది సగమే నిజం. 'జర్మనీ తీపి వైన్' అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులున్నాయి. మూడింటి జాతకాలూ వేరు.

మొదటిది లీబ్‌ఫ్రౌమిల్ష్. వోర్మ్స్ ఊళ్లోని లీబ్‌ఫ్రౌవెన్ చర్చిని ఆనుకున్న తోట వైన్‌కి పెట్టిన పేరది. పోనుపోను రైన్ పరిసరాల్లో నాలుగు ప్రాంతాల చవక తీపి వైన్లన్నిటికీ అదే పేరు అంటుకుంది. 1970లు, 80ల్లో బ్రిటన్, అమెరికా దుకాణాల్లో జర్మనీ వైన్ అంటే బ్లూ నన్, బ్లాక్ టవర్ సీసాలే. ఈ సరుకు ఎందుకు పడిపోయిందో తయారీ చూస్తే తెలిసిపోతుంది. ఎక్కువ దిగుబడి కోసం పండించిన ములర్-తుర్గావ్ వంటి ద్రాక్ష రసం పలచగా ఉంటుంది. దాన్ని పులియబెట్టి, ముందే తీసి దాచిన పులియని తీపి రసాన్ని సీసాల్లో నింపే ముందు కలుపుతారు. ఈ కలిపే రసాన్ని సూస్‌రెజర్వ్ అంటారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, జాగ్రత్తగా చేస్తే మంచి వైన్ కూడా వస్తుంది. పలచని వైన్‌లో కలిపితే మాత్రం నీళ్ల మజ్జిగలో పంచదార వేసినట్టు తీపి ఒకపక్క, వైన్ ఒకపక్క ఉండిపోతాయి.

దానికి 1985 తోడైంది. ఆస్ట్రియాలో కొందరు వైన్‌కి చిక్కదనం, తీపి ఉన్నట్టు భ్రమ కల్పించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిపి దొరికిపోయారు. ఆ వైన్ కొంత జర్మనీ సీసాల్లోకీ చేరిందని తేలడంతో రెండు దేశాల పేరూ పోయింది. అప్పటికే జర్మన్లు తమ ఇళ్లలో ట్రొకెన్ వైపు, అంటే తీపి లేని డ్రై వైపు తిరుగుతున్నారు. ఇప్పుడు అక్కడ నాణ్యత పరీక్ష దాటే వైన్‌లో దాదాపు సగం ట్రొకెనే. ఈ మొదటి రకం మళ్లీ పుంజుకోదు. పుంజుకోకపోతే నష్టమూ లేదు.

రెండోది అసలుసిసలు తీపి: బేరెన్‌ఔస్‌లేసె, ట్రొకెన్‌బేరెన్‌ఔస్‌లేసె, ఐస్‌వైన్. మొదటి రెండూ బూజు పట్టిన ద్రాక్షతో చేస్తారు. మన దగ్గర శనగకీ గులాబీకీ తెగులుగా వచ్చే బొట్రైటిస్ బూజే అది. పొద్దున నది మీంచి పొగమంచు, మధ్యాహ్నం పొడి ఎండ ఉండే చోట ఈ బూజు తొక్కకి సన్నని రంధ్రాలు చేస్తుంది, నీరు ఆవిరైపోతుంది, లోపల తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి. కూలీలు గుత్తిలో ఎండిన గింజల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. ట్రియర్ ఊళ్లో జరిగే వైన్ వేలంలో ఎగోన్ ములర్ అనే తయారీదారుల ట్రొకెన్‌బేరెన్‌ఔస్‌లేసె సీసా వేల యూరోలు పలుకుతుందంటే అందులో సగం పేరు ఖరీదు, సగం ఈ ఏరుడు ఖరీదు. కొనేవాళ్లు కొద్దిమందే, చేసేదీ కొద్దే. గిరాకీ లేక ఇది చచ్చిపోదు. దీనికి ముప్పు వాతావరణం నుంచే. వేడి, వాన కలిసిపడితే మంచి బూజుకి బదులు వెనిగర్ వాసన వేసే కుళ్లు వస్తుంది. 2011 నుంచి జర్మనీలో కనిపిస్తున్న డ్రోసోఫిలా సుజుకీ అనే ఈగ పండుతున్న గింజకే గాటు పెట్టి గుడ్లు పెడుతుంది. ఇది ఎర్ర ద్రాక్షని ఎక్కువ ఇష్టపడుతుంది. గాటు పడిన గింజ నుంచి కుళ్లు పక్కవాటికి పాకుతుంది.

ఐస్‌వైన్ పరిస్థితి ఇంకా కష్టం. చెట్టు మీదే ద్రాక్ష గడ్డకట్టాలి, సున్నాకి కనీసం 7 డిగ్రీలు కింద ఉండగా కోయాలి, గడ్డ కరగకముందే పిండాలి. నీరు మంచుగా యంత్రంలో ఉండిపోయి తేనెలాంటి రసం మాత్రం కారుతుంది. 2019 పంటకి జర్మనీలోని 13 వైన్ ప్రాంతాల్లో ఎక్కడా ఆ చలి రాలేదు. ఆ ఏడు ఐస్‌వైన్ లేదు. ఆ చలి కోసం పంటని డిసెంబరు, జనవరి దాకా చెట్టు మీద వదలాలంటే పిట్టలకీ పందులకీ కుళ్లుకీ పోయింది పోగా మిగిలినదాని మీద జూదమే. చాలామంది రైతులు ఆ జూదం మానేస్తున్నారు.

మూడోది తేలిక తీపి: కాబినెట్, దానికన్నా పండిన ద్రాక్షతో చేసే ష్పేట్‌లేసె. మాకు భవిష్యత్తు కనబడేది ఇక్కడే. మోజెల్ నది లోయలో చేసే కాబినెట్‌లో ఆల్కహాల్ సాధారణంగా 7.5 నుంచి 9 శాతం. మామూలు డ్రై వైన్లలో 12–13 ఉంటుంది. మద్యం తగ్గించుకుందాం అనుకునే ఈ రోజుల్లో ఆల్కహాల్ తీసేసిన వైన్ల కోసం వెతుకుతున్నారు గానీ, ఏమీ తీసేయకుండానే తక్కువ ఆల్కహాల్ ఉన్న వైన్ దశాబ్దాలుగా అక్కడ ఉంది. లీటరుకి 40–50 గ్రాముల చక్కెర ఉన్నా అది వెగటు పుట్టించదు, పులుపు దాన్ని మోస్తుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూడండి. రెండు గ్లాసుల్లో 200 మి.లీ. చల్లటి నీళ్లు, ఒక్కోదాంట్లో 10 గ్రాముల పంచదార కలపండి. ఒకదానికి మాత్రం పావు టీస్పూనుకి పైగా, అంటే 1.4 గ్రాముల నిమ్మ ఉప్పు వేయండి. రెండిట్లోనూ తీపి ఒకటే. అయినా రెండో గ్లాసులో సగమే అనిపిస్తుంది, ఇంకో గుక్క తాగాలనిపిస్తుంది. ఇది దాదాపుగా రీస్లింగ్ కాబినెట్ లెక్కే. హోటల్లో 'స్వీట్ వద్దు' అన్నవారికి రంగూ రుచీ చెప్పి, పేరు చెప్పకుండా 50 మి.లీ. ఇచ్చి చూడండి. చాలామంది చక్కెర తక్కువే ఉందనుకుంటారు.

దీనికీ వేడి చిక్కే. ఒకప్పుడు మోజెల్‌లో అక్టోబరు చివర, నవంబరులో కోతలు. ఇప్పుడు సెప్టెంబరులోనే మొదలవుతున్నాయి. ద్రాక్ష త్వరగా తీపెక్కుతుంది, పులుపు పడిపోతుంది. కాబినెట్ అని రాసిన సీసాలో పాతకాలపు ష్పేట్‌లేసె అంత పండిన రసం ఉండటం మామూలైపోయింది. మాటమీద నిలబడే రైతులు ముందే కోస్తున్నారు. నదికి దూరంగా చల్లగా ఉండే పక్కలోయల్లో, ఒకప్పుడు 'ఇక్కడ పండదు' అని వదిలేసిన ఎత్తు చేలల్లో కాబినెట్‌కి విడిగా చోటు పెడుతున్నారు. ఇంకో సంగతి: వేడి వల్ల జర్మనీలో మంచి డ్రై వైన్ చేయడం తేలికైంది. పాత రోజుల్లో రీస్లింగ్‌ని డ్రైగా చేస్తే పళ్లు పులిసేవి, తీపి ఉంచడం ఒక అవసరం. ఇప్పుడది రైతు ఎంచుకుని చేసే పని. ఎంచుకుని చేసేవాళ్లు తక్కువమందే ఉంటారు, కానీ శ్రద్ధగా చేస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి స్టుట్‌గార్ట్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. కిందటిసారి 'ష్పేట్‌లేసె' తెచ్చాడు, తీపి అనుకుంటే పుల్లగా ఉంది. ఈసారి ఏం తెమ్మనాలి? సీసా మీద ఏం చూడాలి?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, కాబినెట్, ష్పేట్‌లేసె, వాటికన్నా పండిన ద్రాక్షతో చేసే ఔస్‌లేసె అనే మాటలు సీసాలోని తీపిని చెప్పవు. కోసిన రోజున ద్రాక్ష రసంలో తీపి ఎంతో చెబుతాయి. దాన్ని ఎక్స్‌లె డిగ్రీల్లో కొలుస్తారు. లీటరు రసం లీటరు నీళ్ల కంటే ఎన్ని గ్రాములు బరువుంటే అన్ని డిగ్రీలు. 1,085 గ్రాములు తూగితే 85 ఎక్స్‌లె. ఆ తీపినంతా ఈస్ట్ తినేసేదాకా పులియనిస్తే అదే ష్పేట్‌లేసె డ్రై అవుతుంది. మీ అబ్బాయి తెచ్చిన సీసా మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో 'ట్రొకెన్' అని ఉండే ఉంటుంది.

అన్నిటికన్నా తేలిక గుర్తు ఆల్కహాల్ శాతం. అది ప్రతి సీసా మీదా ఉంటుంది, జర్మన్ రాకపోయినా చదవొచ్చు. లెక్క ఇది: లీటరుకి సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. 85 ఎక్స్‌లె రసంలో లీటరుకి 190 గ్రాములకి కాస్త అటూఇటూగా చక్కెర ఉంటుంది. సీసా మీద 8 శాతం అని ఉంటే 136 గ్రాములు పులిశాయి, 54 గ్రాములకి అటూఇటూగా మిగిలాయి, కాబట్టి తీపి. 11.5 అని ఉంటే మిగిలిందేమీ లేదు. కాబినెట్, ష్పేట్‌లేసె సీసాల్లో 9 లోపు ఉంటే తీపి, 11.5 దాటితే డ్రై. మధ్యలో ఉంటే మాటలు చూడాలి. ట్రొకెన్ అంటే లీటరుకి గరిష్ఠం 9 గ్రాములు, హాల్బ్‌ట్రొకెన్ అంటే 18 దాకా, లీబ్లిష్ అంటే 45 దాకా, ఆపైన సూస్. ఫైన్‌హెర్బ్ అన్న మాటకి చట్టంలో అంకె లేదు. హాల్బ్‌ట్రొకెన్ అంటే జనం కొనడం లేదని దాని బదులు వాడుకుంటున్న ముద్దు పేరది, తీపి ఒక్కో సీసాలో ఒక్కోలా ఉంటుంది.

ఒక్క మాటతో మోసపోవద్దు. ట్రొకెన్‌బేరెన్‌ఔస్‌లేసెలో 'ట్రొకెన్' ఉంది కదా అని డ్రై అనుకునేరు. అక్కడ ఎండింది ద్రాక్ష గింజ. అన్నిటిలోకీ తీపి అదే, లీటరుకి 200 గ్రాములు దాటడం మామూలే.

ఊరి పేరు వెనక వచ్చే రెండో పేరుని కూడా అబ్బాయిని చూడమనండి. 1971 చట్టం పుణ్యమా అని పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌షెన్ అంటే ఒక కొండవాలు తోట, పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అంటే చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల చేలన్నీ కలిపిన గంప. రెండూ ఒకేలా వినబడతాయి. ఈ గందరగోళం తీర్చడానికే 2021లో చట్టం మార్చారు. కొత్త పద్ధతిలో గంపగుత్త పేర్ల ముందు 'రీజియన్' అని రాయాలి.

ఇక ఏం తేవాలి? విదేశం నుంచి వచ్చే పెద్దవారు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తేవచ్చు. 750 మి.లీ. సీసాలు రెండు, 375 మి.లీ. సగం సీసా ఒకటి కలిపితే 1,875 మి.లీ. సరిగ్గా సరిపోతుంది. రెండు పెద్ద సీసాలు మోజెల్ రీస్లింగ్ కాబినెట్, ఆల్కహాల్ 9 లోపు. సగం సీసా ఔస్‌లేసె. సీసాలు చెక్-ఇన్ సామానులో మధ్యన, పాత లుంగీలోనో తువ్వాలులోనో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు ముడివేసి పెట్టమనండి. రసీదు పారేయవద్దని చెప్పండి. హైదరాబాద్‌లో దిగి రోడ్డు మీద గుంటూరు వచ్చేటట్టయితే పక్క రాష్ట్రం నుంచి తెచ్చే మద్యం మీద ఎక్సైజ్ నిబంధనలు ముందే కనుక్కోవడం మంచిది. ఇక్కడే కొందామంటే దిగుమతి వైన్ మీద సుంకమే 150 శాతం, దానిపైన రాష్ట్ర పన్నులు.

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేస్తాం. హాంబుర్గ్ పార్టీ ఒకరు ఆరు సీసాల రీస్లింగ్ బహుమతిగా ఇచ్చారు. గుంటూరు ఎండలకి ఇంట్లో పెట్టాలంటే భయం. మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఓ మూలన పెట్టొచ్చా?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: చల్లదనం వరకు భేషుగ్గా ఉంటుంది. వైన్‌కి 10–13 డిగ్రీలు ఆదర్శం, అంతకన్నా చల్లగా ఉంటే ముదరడం నెమ్మదిస్తుంది, చెడిపోదు. చీకటి కూడా ఉంది. ఇబ్బందల్లా ఘాటు, ధూళి. స్క్రూ మూత సీసాలైతే లోపలికేమీ పోదు. బెరడు బిరడా ఉన్నవాటిని నెలల తరబడి ఉంచితే ఆ ఘాటు బిరడాకి పడుతుంది, మూతి దగ్గర చేరిన కారపు ధూళి పోసేటప్పుడు గ్లాసులోకి దిగుతుంది. తప్పదనుకుంటే ఒక్కో సీసాని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించి, అన్నీ థర్మోకోల్ పెట్టెలో సర్ది టేపు వేయండి. హమాలీలు బస్తాలు దించే దారికి దూరంగా ఉండాలి.

మామూలు ఇంట్లో అయితే ఫ్రిజ్ అడుగు అరే నయం. తలుపు అర వద్దు, తీసినప్పుడల్లా ఊగుతుంది, వేడెక్కుతుంది. మే నెలలో గది 40 డిగ్రీలకి చేరితే సీసాలో వైన్ ఉబ్బి బిరడాని పైకి నెడుతుంది, అంచుల్లో జిగురుగా కారుతుంది, రాత్రి చల్లబడగానే అదే దారిలో గాలి లోపలికి పోతుంది. రెండు వారాలు ఇలా జరిగితే ఉడికిన యాపిల్ వాసన వస్తుంది. రీస్లింగ్‌కి ఇంకో లక్షణం ఉంది. ముదిరేకొద్దీ కిరోసిన్‌ని తలపించే వాసన పుడుతుంది. పద్ధతిగా ముదిరిన సీసాలో అది కొంచెం ఉంటే రసికులు మెచ్చుకుంటారు. వేడికి మగ్గిన సీసాలో రెండేళ్లకే గుప్పుమంటుంది, అది మెచ్చుకోవలసింది కాదు.

తీసిన సీసాని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కాబినెట్ 4–5 రోజులు, బేరెన్‌ఔస్‌లేసె రెండు వారాలు బాగుంటాయి. తాగడానికి 10 నిమిషాల ముందు బయట పెడితే చాలు. మన వేడికి గ్లాసు నిండా పోయకండి, 75 మి.లీ. చొప్పున పోసి సీసాని మళ్లీ లోపల పెట్టండి.

ప్రశ్న: సీసా అడుగున గాజు రవ్వల్లాంటివి కనిపించాయి. పారేయాలా?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంది. చల్లబడితే అది పొటాషియంతో కలిసి స్ఫటికాలు కడుతుంది. హాని లేదు. అనుమానం ఉంటే నాలుగు రవ్వల్ని వేడినీళ్లలో వేయండి, కరిగితే స్ఫటికం, కరగకపోతే గాజు. సీసాని గంటసేపు నిలబెట్టి, కదపకుండా వంపి, ఆఖరి రెండు చెంచాలు వదిలేయండి.

రవ్వలు కాకుండా వైన్ మొత్తం మబ్బుగా ఉండి, మూత తీయగానే సోడాలా పొంగితే మాత్రం అది వేరు. తీపి వైన్‌లో పులియడాన్ని చల్లబరచి, సల్ఫర్ డయాక్సైడ్ వేసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో ఈస్ట్‌ని పూర్తిగా తీసేసి ఆపుతారు. ఎక్కడో ఈస్ట్ మిగిలి, వేడి తగిలితే సీసాలోనే మళ్లీ పులుస్తుంది. దాన్ని సింకులో పోయండి. కొత్త మోజెల్ వైన్ నాలుక మీద కాస్త చురుక్కుమనడం మామూలే, అది దోషం కాదు.

ప్రశ్న: క్యాటరింగ్ చేస్తాం. రిసెప్షన్‌లో 40 మందికి జర్మన్ తీపి వైన్ పెట్టమంటున్నారు. మెనూ: మిర్చి బజ్జీ, రొయ్యల ఇగురు, గోంగూర మటన్, చేపల పులుసు, పెరుగన్నం, బొబ్బట్లు, పూతరేకులు. ఏది దేనికి నప్పుతుంది?
– విజయవాడ, గవర్నర్‌పేట

జవాబు: అడిగినవారెవరో గానీ మంచి బుర్ర. మన కారానికి ప్రపంచంలో ఇంతకన్నా నప్పే వైన్ దొరకడం కష్టం. ఎందుకో చెప్తాం. కారం మంటని గుర్తించే నరాలు వేడిని కూడా గుర్తిస్తాయి. ఆల్కహాల్ వాటిని ఇంకా రెచ్చగొడుతుంది, మామూలుగా వేడి అనిపించని ఒంటి వేడికే నోరు మండుతుంది. అందుకే 14 శాతం రెడ్ వైన్‌తో మిర్చి బజ్జీ తింటే కళ్లనీళ్లే. పైగా దాని వగరు కారంతో కలిసి గొంతు గీరుతుంది. 8 శాతం ఆల్కహాల్, చల్లదనం, తీపి మూడూ ఒకేచోట ఉన్న సీసా మంటని దింపుతుంది.

మిర్చి బజ్జీకి ష్పేట్‌లేసె, లీటరుకి 60–90 గ్రాముల తీపి ఉన్నది. బజ్జీలో వాము, చింతపండు ఉంటాయి కాబట్టి పులుపు లేని తీపి వైన్ తేలిపోతుంది. రొయ్యలకి సొంత తీపి ఉంటుంది, ఇగురు మరీ కారం కాకపోతే కాబినెట్ చాలు. తేజ కారం దట్టించేటట్టయితే ఇక్కడా ష్పేట్‌లేసెకే వెళ్లండి. గోంగూర మటన్ అసలు పరీక్ష. గోంగూర పులుపు ముందు చాలా వైన్లు చప్పబడతాయి, రీస్లింగ్ ఎదురు నిలుస్తుంది, మటన్ కొవ్వుని కూడా కోస్తుంది. చేపల పులుసుకి ఫైన్‌హెర్బ్ గానీ కాబినెట్ గానీ. ట్రొకెన్ పెట్టారా, చింతపండు మీద పులుపు పడి దవడలు లాగేస్తాయి. పెరుగన్నం దగ్గర గ్లాసులు తీసేయండి. ఆవకాయ పక్కన కూడా, ఆ నూనె, ఆవపిండి తర్వాత నాలుకకి ఏ వైనూ తెలియదు.

బొబ్బట్లు, పూతరేకుల దగ్గర అందరూ తప్పు చేస్తారు. 'తీపికి తీపి' అని ఔస్‌లేసె పోస్తారు. వైన్ కన్నా వంటకం తీపిగా ఉంటే వైన్ పుల్ల మజ్జిగలా మారుతుంది. బెల్లం పూర్ణంతో పోటీపడాలంటే బేరెన్‌ఔస్‌లేసె కావాలి, 40 మందికి దాని ఖర్చు పెళ్లి ఖర్చంత అవుతుంది. మా సలహా: స్వీట్లతో వైన్ వద్దు. తీపి వైన్ చూపించాలనే పట్టుదల ఉంటే సగం సీసాలు నాలుగు తెచ్చి, తలా 30 మి.లీ. చొప్పున ఉప్పు వేసి వేయించిన జీడిపప్పుతో ఇవ్వండి. వేసవైతే దోరగా ఉన్న మామిడి ముక్కతో. మిగల పండిన చిన్నరసం మాత్రం బొబ్బట్టు చేసే పనే చేస్తుంది.

లెక్క: 125 మి.లీ. గ్లాసులు సీసాకి ఆరు వస్తాయి. తలా రెండు గ్లాసులంటే 80 గ్లాసులు, 14 సీసాలు. అందులో 8 కాబినెట్, 6 ష్పేట్‌లేసె. సీసాలు చల్లబడటానికి ఫ్రిజ్‌లో మూడు గంటలు పడుతుంది, ఐసు, నీళ్లు చెరిసగం పోసిన టబ్బులో అరగంట చాలు. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే మధ్య గాలి సందుల వల్ల ఆలస్యమవుతుంది. ఈవెంట్‌కి ఎక్సైజ్ అనుమతి తీసుకున్నాకే అడ్వాన్సు పుచ్చుకోండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. ట్రొకెన్ అయితే తాగొచ్చా?
– మంగళగిరి

జవాబు: ట్రొకెన్‌లో చక్కెర తక్కువే, 125 మి.లీ.లో ఎక్కువలో ఎక్కువ 1.1 గ్రాము. అదే గ్లాసు కాబినెట్‌లో సుమారు 6. కానీ మీకు ప్రమాదం చక్కెర ఒక్కటే కాదు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపున మద్యం తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీ మందుల చీటీ చూసిన డాక్టరే దీనికి జవాబు చెప్పాలి, మేము కాదు.

ప్రశ్న: ద్రాక్షని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఇంట్లో ఐస్‌వైన్ చేయొచ్చా?
– ఉండవల్లి నుంచి

జవాబు: లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం మన రాష్ట్రంలో నేరం, కాబట్టి వైన్ మాట వదిలేయండి. జర్మనీలోనూ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ద్రాక్ష వైన్‌ని ఐస్‌వైన్ అని అమ్మకూడదు. ఐస్‌వైన్ వెనక ఉన్న సూత్రంతో మద్యం లేని పానకం మాత్రం చక్కగా చేసుకోవచ్చు.

మార్చి, ఏప్రిల్‌లో వచ్చే థాంప్సన్ గింజలేని ద్రాక్ష 2 కిలోలు కడిగి, ఆరబెట్టి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పలచని బట్టలో పిండండి. ఎక్కువ తిప్పితే తొక్క వగరు దిగుతుంది. లీటరు రసం కొలిచి, మూతి వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. గాజు సీసా వద్దు, మంచు ఉబ్బి పగులుతుంది. పూర్తిగా గడ్డకట్టాక డబ్బాని జల్లెడ మీద బోర్లించి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్ మామూలు అరలో ఉంచండి. బయట పెడితే అంతా ఒకేసారి కరిగి పని చెడుతుంది. ముందు తీపి రసం కారుతుంది, నీరు మంచుగా మిగులుతుంది. 350–400 మి.లీ. దిగగానే, లేదా చుక్క రంగు పలచబడగానే గిన్నె తీసేయండి. మొదటి రసం తీపి దాదాపు రెట్టింపు ఉంటుంది. థాంప్సన్‌లో పులుపు తక్కువ కాబట్టి ఉత్తగా తాగితే వెగటేస్తుంది. 400 మి.లీ.కి ఒక పెద్ద నిమ్మకాయ పిండండి. ఫ్రిజ్‌లో మూడు రోజులకి మించి ఉంచకండి, నాలుగో రోజుకి బుడగలు లేస్తే అది పులుస్తోందన్నమాట. మిగిలిన ఐసు ముద్దని పారేయకండి, కొంచెం ఉప్పు, అల్లం రసం కలిపి పిల్లలకి ఇవ్వొచ్చు.